బిళ్ళ వెనుక ముద్ర – సిపాయి చూపు

సైనిక చిహ్నాలను సేకరించేవారు ఒక బిళ్ళ చేతికి రాగానే మొదట దాని వెనుక భాగం చూస్తారు. తయారీదారు ముద్ర ఉన్నదా, ఉంటే అది లండను ఫర్మిన్ వారిదా, బర్మింగ్‌హాం గాంట్ వారిదా అని పరిశీలిస్తారు. ముద్రను బట్టి కాలం, కాలాన్ని బట్టి వెల. ఈ విద్యను తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. తేదీ లేని వస్తువుకు తేదీ నిర్ణయించడం చరిత్రకు చేసే సేవే. అయితే ఆ బిళ్ళను తలపాగాకు తగిలించుకుని ఎండలో కవాతు చేసిన సిపాయి ఆ ముద్రను ఎన్నడైనా పట్టించుకున్నాడా? అచ్చంపేటలో నా విద్యార్థుల ముందు నేను తరచు పెట్టే ప్రశ్న ఇది. చూడటానికి చిన్నదే. కాని చరిత్రను వస్తువు వైపు నుంచి చూడాలా, మనిషి వైపు నుంచి చూడాలా అన్న పెద్ద ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది.

అసలు ముద్ర ఎవరికోసం పుట్టింది? బ్రిటిషు అధికారి తన దుస్తులు తానే కొనుక్కునేవాడు. కొనేవాడికి అమ్మేవాడి పేరు తెలియాలి. కనుక బొత్తాము వెనుక దుకాణం పేరు ఒక ప్రకటన. అధికారి బిళ్ళ వెండిదైతే బర్మింగ్‌హాం లంగరు గుర్తు లోహపు స్వచ్ఛతకు హామీ. సామాన్య సిపాయి సంగతి వేరు. అతని బిళ్ళ గిడ్డంగి నుంచి వచ్చేది. అతడు ఎరిగి ఉండవలసిన ముద్ర ఒక్కటే – ప్రభుత్వ సామగ్రి మీద వేసే బాణపు గుర్తు. ఈ వస్తువు నీది కాదు, పోగొడితే జవాబు చెప్పుకోవాలి అని ఆ గుర్తుకు అర్థం.

అంతమాత్రాన సిపాయికి తయారీదారు అంటే లెక్కే లేదనుకోవడం పొరపాటు. హైదరాబాదు కంటింజెంటు అశ్వికదళం సిలాదారీ పద్ధతిలో నడిచింది. గుర్రము, సరంజామా సమకూర్చుకునే బాధ్యత రౌతుదే. అటువంటివాడు జీను కుట్టినదెవరో, కత్తి సాగగొట్టినదెవరో విచారించక మానడు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో కాచిన ఉక్కుకోసం పారశీక వర్తకులు స్వయంగా వచ్చేవారని పందొమ్మిదవ శతాబ్దం తొలినాళ్ళలో వాయిసీ అనే ఆంగ్లేయ వైద్యుడు గమనించాడు. ప్రాణం ఆధారపడిన చోట, సొంత డబ్బు పెట్టిన చోట, మనిషి పనివాణ్ణి వెతుక్కుంటూ పోతాడు. బిళ్ళ ప్రాణం కాపాడదు. దానిని ఎంచుకునే హక్కూ సిపాయికి లేదు. అతని ఉదాసీనతకు మూలం అజ్ఞానం కాదు, అతడున్న భౌతిక పరిస్థితి.

ఇక్కడ కొందరు ఒక ఆక్షేపణ చేయవచ్చు: చదువురాని సిపాయికి ఒంటిమీది గుర్తుల సంగతి ఏం తెలుసు? దీనికి సమాధానం 1806 లోనే దొరికింది. ఆ ఏడు మద్రాసు సైన్యంలో నామాలు, చెవిపోగులు తీసివేయాలని, తోలు తురాయి గల కొత్త తలపాగా పెట్టుకోవాలని ఉత్తర్వులు వచ్చాయి. ఛాతీ దగ్గర వేలాడే మరబిగింపు సాధనం సిలువ ఆకారంలో ఉన్నదని కూడా సిపాయిలు అనుమానించారు. మే నెలలో వేలూరులో కొత్త తలపాగాను కాదన్నవారిలో ఇద్దరికి తలా 900 కొరడా దెబ్బల శిక్ష పడింది. జూలై 10న కోట తిరగబడింది. హైదరాబాదులోని కుంపిణీ దళంలోనూ అలజడి రేగగా, అక్కడి సేనాని మాంట్రెసర్ ఆ ఉత్తర్వులను నిలిపివేయవలసి వచ్చింది. చాలని జీతము, అధికారుల అహంకారము, కోటలో బందీలుగా ఉన్న టిప్పు కుమారులు – ఇవన్నీ తిరుగుబాటుకు కారణాలే. తలపాగా ఒక్కటే కాదు. అయినా ఒక మాట మాత్రం స్థిరపడింది. ఒంటిమీద వేసే ప్రతి వస్తువునూ సిపాయి చదివాడు. ఎవరు తయారుచేశారని కాదు, తనను ఏమిగా మారుస్తున్నదని చదివాడు.

పతకాల విషయానికి వద్దాం. వాటి అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, దళం చెక్కేవారు. అక్షరాలు ఇంగ్లీషువి, చాలామంది చదవలేకపోయి ఉంటారు. అయినా అది తన పేరు. రెండవ ప్రపంచ యుద్ధ పతకాలను బ్రిటిషు సైనికులకు పేరు లేకుండానే ఇచ్చారు. భారత సైనికులకు ఇచ్చిన వాటిపై మాత్రం పేర్లు వేశారు. పేరు తరువాత లోహం. 1903–04 టిబెట్టు దండయాత్రలో సిపాయికి వెండి పతకం, బరువులు మోసిన కూలీకి కంచు పతకం. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కూడా ఇదే తంతు: వెండి పతకాలు 60 లక్షలకు పైగా పంచగా, చీనా, మాల్టా, భారత కూలీ దళాలకు సుమారు 1,10,000 కంచు పతకాలు ఇచ్చారు. ఒకే యుద్ధం, ఒకే రాజు బొమ్మ. వర్గభేదం మాత్రం లోహంలోనే పోతపోసి ఉన్నది. ఈ తేడా తెలియడానికి బిళ్ళ వెనుక చూడనక్కరలేదు.

వెండి కనుక అది కష్టకాలంలో అక్కరకు వచ్చేది కూడా. మన 1950 సైనిక చట్టం 54వ సెక్షను పతకాన్ని అమ్మడం, తాకట్టు పెట్టడం, చెరపడం నేరమని చెబుతున్నది. జరగని పనిని ఏ చట్టమూ నిషేధించదు గదా! ఆ పతకం మీద టంకశాల ముద్రను సిపాయి చూడలేదు. కంసాలి కూడా నమ్మలేదు. ఆయనకు గీటురాయి ఉన్నది.

సాహిత్య విద్యార్థిగా నాకు అన్నిటికంటె బలంగా తోచే సాక్ష్యం భాషది. కచ్చేరి బంట్రోతును మనవారు 'బిళ్ళబంట్రోతు' అన్నారు. బిళ్ళ అంటే అధికారపు నీడ. ఎవరు పోసిన బిళ్ళ అని ఎవరూ అడగలేదు. కుంపిణీ తొలి పటాలాలు దక్షిణాది నుంచి వెళ్ళినందున ఉత్తరాదిన సిపాయికి 'తెలంగా' అనే పేరు స్థిరపడింది. ఆ పేరిచ్చిన జాతినే పందొమ్మిదవ శతాబ్దం చివర 'యుద్ధజాతి' కాదని పక్కకు నెట్టారు. మన పొరుగున వనపర్తి రాజా రామేశ్వరరావు పోషించిన ఆఫ్రికన్ దళం ఆయన అనంతరం నిజాం కొలువుకు చేరింది. ప్రభువు మారాడు, మనుషులు వాళ్ళే. ఆ దళం పేరు హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ పేటగా నేటికీ నిలిచి ఉన్నది.

చివరగా ఒక ఉదాహరణ. సుభాష్ చంద్రబోసు 1942 లో నెలకొల్పిన ఆజాద్ హింద్ పతకాలు వియన్నాలో, సౌవాల్ సంస్థలో తయారైనాయి. భారత స్వాతంత్ర్యం పేరిట ఇచ్చే పతకం హిట్లరు ఏలుబడిలోని నగరంలో పోతపోయబడింది. ఈ వైరుధ్యం చరిత్రకారునికి ముఖ్యమే. కనుక తయారీ ముద్రను మనం తప్పక చదవాలి. పెట్టుబడి ఎక్కడిది, కాంట్రాక్టు ఎవరిది, సామ్రాజ్యపు సరుకు ఏ దారిన ప్రవహించింది అన్నవి అది చెబుతుంది. కాని అది యజమానుల కథ. సిపాయి కథ బిళ్ళ అంచు మీది పేరులోను, జీతంలో పడిన కోతలోను, వేలూరు కోట గోడలలోను ఉన్నది. మన ఊళ్ళలో పాత పెట్టెల అడుగున ఇటువంటి పతకాలు ఇంకా దొరకవచ్చు. దొరికినప్పుడు విద్యార్థులు ముందు అంచు తిప్పి ఆ పేరు చదవాలి. అతని ఊరేదో, ఆ ఊరు విడిచి సైన్యంలో ఎందుకు చేరవలసి వచ్చిందో ఇంటివారిని అడిగి రాసుకోవాలి. తయారీదారు పేరు ఆ తరువాత చూడవచ్చు.