జడుపు

పిల్లాడు పొద్దున్నుంచీ అన్నం ముట్టడం లేదు. ఒళ్లు కాలుతోంది. నిద్రలో ఉలిక్కిపడుతున్నాడు. ఇంట్లో పెద్దావిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, మందు సంగతి కన్నా ముందు ఒక మాట అడుగుతుంది: "వీడు దేన్ని చూసి జడుసుకున్నాడే?" కుక్క తరిమిందా, చెరువు గట్టు మీద జారాడా, బళ్లో ఎవరైనా కొట్టారా అంటూ నిన్నామొన్నా జరిగినవన్నీ తవ్వి తీస్తుంది. ఆ తర్వాత ఆంజనేయస్వామి గుళ్లో సిందూరం పెట్టించడమో, సాయంత్రం నమాజు అయ్యే వేళకు మసీదు గుమ్మం ముందు పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడి ఊదించడమో, తాయెత్తు కట్టించడమో జరుగుతుంది.

తాయెత్తు సంగతి పక్కన పెడతాను. జ్వరం తగ్గకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. నాకు కావలసింది ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న, అందులోని ఆ మాట.

జడియు అంటే భయపడటమని నిఘంటువులు చెబుతాయి. వాడుకలో జడుసుకున్నాడు, దడుసుకున్నాడు, దడుచుకున్నాడు, తెలంగాణలో దడుసుకున్నడు. జ్వరాన్ని కొందరు జడుపు జ్వరం అంటే కొందరు దడుపు జ్వరం అంటారు. జ, ద ల మధ్య ఇలా అటూ ఇటూ తిరిగే ఈ మాట పక్కనే గుండె 'దడ' కూడా ఉంది. రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని పంతం పట్టను. కానీ దడుసుకున్నాడు అని పలుకుతున్నప్పుడు తెలుగువాడి చెవికి ఆ గుండె చప్పుడు వినపడకుండా ఉండదు.

భయానికి మనకు మాటలు తక్కువేం లేవు. బెదురు, జంకు, బెరుకు, గుబులు, హడలు. వీటిలో జడుపు ఒక్కటే జ్వరంగా మారుతుంది. బెదురు జ్వరం, జంకు జ్వరం అని ఎవరూ అనరు. భయం ఒంట్లో దిగి అక్కడే ఉండిపోయిందని చెప్పాలనుకున్నప్పుడే మన నోటికి ఈ మాట వస్తుంది.

క్రియను చూడండి. భయం విషయంలో 'పడతాం': భయపడ్డాడు, తేరుకున్నాడు, అయిపోయింది. జడుపు విషయంలో 'కొంటాం'. వండింది అంటే ఎవరికోసమైనా కావచ్చు, వండుకుంది అంటే తనకోసమే. దాచుకోవడం, కప్పుకోవడం, తెచ్చుకోవడం, అన్నిటా ఆ 'కొను' పనిని చేసినవాడి మీదికే తిప్పుతుంది. జడుసుకున్నాడు అన్నప్పుడు బయట జరిగినదేదో వాడి లోపలికి చేరింది. కుక్క ఎప్పుడో వెళ్లిపోయింది, దాని అరుపు మాత్రం పిల్లాడి దగ్గరే ఉంది.

ఇంగ్లీషు నుంచి వచ్చిన ట్రామా ఇప్పుడు మనకు కొత్త కాదు. హైవే పక్కన ఆసుపత్రుల బోర్డుల మీద ట్రామా కేర్ అని ఉంటుంది. గ్రీకులో దాని అర్థం గాయం, ఒంటికి తగిలిన మామూలు గాయం. అది మనసుకు తగిలే దెబ్బకు పేరు కావడానికి చాలా కాలం పట్టింది. యుద్ధాల నుంచి, అత్యాచారాల నుంచి, ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్లను ఏళ్ల తరబడి వెంటాడే బాధకు అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో విడిగా ఒక రోగం పేరు దక్కింది 1980లో. మన రచయితలు కొందరు ట్రామాకు ఆఘాతం అని రాస్తున్నారు. గాయం, ఆఘాతం రెండింటిలోనూ ఉన్నది 'ఘాత'మే. ఒకటి ప్రాకృతం మీదుగా అరిగి ఇంటి మాట అయింది, ఇంకొకటి సంస్కృతంలోనే నిలిచిపోయింది. ఆఘాతం అంటే తగిలిన దెబ్బ. తగిలాక లోపల మిగిలినదానికి మాత్రం జడుపే సరైన మాట అని నాకనిపిస్తుంది.

ఇది నాకు మా పిన్ని వల్ల అర్థమైంది. ఆవిడకు అరవై దాటాయి. నాలుగేళ్లుగా ఒక పక్కనే నములుతోంది. లవంగనూనెలో ముంచిన దూది దవడలో పెట్టుకుని రాత్రుళ్లు కూర్చునేది. చివరికి బతిమాలి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కుర్చీలో పడుకుంది, లైటు ముఖం మీద పడినా ఓర్చుకుంది, నోరు తెరిచింది. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, నెమ్మదస్తురాలు. "ఏం చెయ్యనమ్మా, చూస్తానంతే" అంది. పిన్ని లేచి కూర్చుంది. చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాకా వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక చెప్పింది. పదేళ్లప్పుడు దవడ వాచిపోతే ఎక్కడికో తీసుకెళ్లారట. అక్కడాయన "చూస్తానంతే పాపా" అని నోరు తెరిపించాడు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు. మత్తు ఎక్కకుండానే పన్ను లాగేశాడు. "నొప్పి మర్చిపోయాను నాన్నా. ఆ మాట మర్చిపోలేదు."

పిన్ని ఊహించుకున్నది ఏమీ లేదు. చీము పట్టిన చోట ఆమ్లత్వం పెరిగి మత్తుమందు సరిగా పనిచేయదన్నది వైద్యులకు తెలిసిన సంగతే. ఇప్పుడు వాడే మత్తుమందు లిగ్నోకెయిన్‌ను స్వీడన్‌లో 1943లో తయారుచేశారు. మందు చాలాసేపు నిలవడానికి అందులో తరచూ అడ్రినలిన్ కలుపుతారు. దానివల్ల సూది పడిన కాసేపటికి కొందరికి గుండె దడదడలాడుతుంది. మామూలు మనిషికి అది నిమిషాల్లో పోయే దడ. జడుసుకున్న మనిషికి మాత్రం పాత రోజు మళ్లీ వచ్చేసిందని ఒళ్లు చెప్పే సాక్ష్యం. అందుకే తప్పించుకు తిరుగుతారు. తిరిగినన్నాళ్లూ పన్ను పుచ్చుతుంది, చిన్న పని పెద్దదవుతుంది. చివరికి భయపడినంతా నిజమవుతుంది.

జడుపు ఆసుపత్రిలోనే మొదలై ఉండాలనీ లేదు. చిన్నప్పుడు ఎవరి చేతుల్లోనో నలిగిన ఆడపిల్లకు, మగపిల్లాడికి కూడా, వెల్లకిలా పడుకోవడం, ముఖం మీదికి ఇంకో ముఖం వంగడం, నోట్లో ఎవరివో వేళ్లు, మాట్లాడే వీల్లేకపోవడం ఏం గుర్తుచేస్తాయో వేరే చెప్పక్కర్లేదు. మొగుడి చేత చెంపదెబ్బలు తిన్న మనిషి, డాక్టరు చెయ్యి దవడ వైపు రాగానే తల పక్కకు తిప్పేస్తుంది. "కదలకండమ్మా" అని విసుక్కుంటారు.

పళ్ల డాక్టరంటే ఉండే భయాన్ని కొలవడానికి 1969లో నార్మన్ కోరా నాలుగు ప్రశ్నల కొలబద్ద తయారుచేశాడు. రేపు వెళ్లాలంటే ఎలా ఉంటుంది, బయట కూర్చున్నప్పుడు ఎలా ఉంటుంది, ఇలా. 1995లో సూది గురించి ఐదో ప్రశ్న చేరింది. ఉపయోగపడేవే. కానీ అవి అడిగేది ఎంత భయం అని. మన పెద్దావిడ అడిగేది దేన్ని చూసి అని. రెండూ అడగాలి.

నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఈ మాటను మనం పిల్లలకే మిగిల్చాం. పదేళ్లవాడు జడుసుకోవచ్చు, అరవై ఏళ్ల మనిషిని మాత్రం "ఇంత వయసొచ్చి సూదికి భయమేంటి" అంటాం. ఆ పిల్లల్ని కూడా "అల్లరి చేస్తే డాక్టరుతో సూదేయిస్తా" అని మనమే బెదిరిస్తాం. జడుపుకు మందు అడగాల్సిన మనిషినే జడిపించేవాడిగా చూపిస్తున్నాం. ఇది మానాలి.

నెల తర్వాత అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ముందే ఫోన్‌లో జరిగింది చెప్పాను. ఆమె కుర్చీ ఎక్కించలేదు, పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది. "అప్పుడు ఏం చేశారమ్మా మిమ్మల్ని?" అని అడిగి, పిన్ని చెప్పినంతసేపూ విన్నది. అద్దం, చిన్న కొక్కెం చేతికిచ్చి చూడమంది. "ఈరోజు ఈ అద్దంతో చూస్తాను, ఇంకేదీ నోట్లో పెట్టను. మీరు ఎడం చెయ్యి ఎత్తితే అక్కడికక్కడే ఆపేస్తాను" అంది.

పిన్ని కుర్చీలో పడుకుని కొంగు గుప్పిట్లో పట్టుకుంది. అద్దం ఇంకా పెదవి దాటలేదు. ఎడం చెయ్యి పైకెత్తింది.

అద్దం ఆగింది. డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకుంది. పిన్ని ఆ చేతినే కాసేపు చూసి, తన చెయ్యి దించి, నోరు తెరిచింది.