హునర్‌కు సనద్ ఎప్పుడొచ్చింది?

మా ఆపా కూతురు డిగ్రీ అయిపోయాక ఫ్యాషన్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేస్తానని చెప్పిన రోజు బోడుప్పల్‌లో మా ఇంట్లోనే అందరం దస్తర్‌ఖాన్ మీద కూర్చుని ఉన్నాం. దూల్హా భాయ్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "దర్జీ పనికి పీజీ ఏంది బేటీ? మన మొహల్లాల దర్జీలు తక్కువైన్రా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ పిల్ల మొహం వాడిపోయింది. ఆపా నా వైపు చూసింది. ఖాందాన్‌లో నాలుగు పుస్తకాలు చదివినవాణ్ని అని నాకో పేరుంది కదా, ఏదైనా చెప్తానని ఆమె ఉమ్మీద్.

ఆ రోజు నేనేమీ చెప్పలేదు. నాకు మా నానా గుర్తొచ్చాడు.

నానా పెళ్లిళ్లకు దేగ్‌లు దించే బావర్చీ. అయిదొందల మంది బరాత్‌కు బియ్యమెంత, గోష్త్ ఎంత, పెరుగెంత అని కాగితం ముట్టకుండా హిసాబ్ చెప్పేవాడు. మూత తీయకుండా ఆవిరి వాసన చూసి దమ్ అయిందో లేదో తేల్చేవాడు. అలాంటి మనిషి కూతుళ్లకు రిష్తాలొచ్చినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ 'బావర్చీ' అనేవాళ్లు కాదట. "అబ్బా కాంట్రాక్ట్ పని చేస్తరు" అనేవాళ్లట. ఈ మాట అమ్మీయే నాకు చెప్పింది. మామూలను కూడా ఆయన దేగ్ దగ్గరికి రానివ్వలేదు. చదువుకోండి, ఈ పొగలోకి రావద్దు అనేవాడు. ఆయన ఇంతకాల్‌తో ఆ హిసాబంతా మట్టిలో కలిసింది. ఒక్క ముక్క ఎక్కడా రాసిలేదు.

మన దగ్గర తాలీమ్, హునర్ ఎప్పుడు వేరుపడ్డాయి? మెహమాన్ నవాజీ అని ఇంత గర్వంగా చెప్పుకునే ఈ షహర్‌లో వండి వడ్డించేవాడి ఇల్మ్ ఇల్మ్ ఎందుకు కాలేదు? ఆ దస్తర్‌ఖాన్ నుంచి లేచాక నన్ను పట్టుకున్న సవాల్ ఇది.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో 1918లో ఉస్మానియా జామియా మొదలైంది. అంతకు ముందటేడే దారుల్ తర్జుమా పెట్టి ఇంగ్లీషు కితాబులను ఉర్దూలోకి దించడం మొదలుపెట్టారు. తారీఖ్, ఫల్సఫా, కానూన్, సైన్స్, తర్వాత డాక్టరీ, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. హిందుస్తాన్‌లో అంత ధైర్యం చేసిన జామియా మరొకటి లేదు. కానీ బావర్చీఖానా, దర్జీ దుకాణం ఆ దర్వాజా లోపలికి రాలేదు. ఉస్తాద్ వెనుక ఏళ్లకేళ్లు తిరిగిన షాగిర్ద్ నేర్చింది చేతిలోనే ఉండిపోయింది.

అప్పటికే స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో 1893లో హోటల్ పనికి స్కూల్ తెరిచారు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ 1922లో హోటల్ నడపడాన్ని డిగ్రీ సబ్జెక్ట్ చేసింది. ఇక్కడేమో ఫలక్‌నుమా పేలస్‌లో ఒకేసారి 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉండేది. ఇప్పటికీ ఉంది. పైగా అమీర్ వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ మహల్ తర్వాత ఆరో నిజాం చేతికి వెళ్లింది, 2010లో తాజ్ వాళ్ల హోటల్ అయింది. కట్టించిన నవాబు పేరు తెలుసు, బల్ల పొడవు తెలుసు. ఆ 101 మందికి వండినవాళ్ల పేర్లు మాత్రం ఎవరి నోటా వినం.

సనద్ రావడానికి చాలా కాలం పట్టింది. విద్యానగర్ డీడీ కాలనీలో ఉన్న హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1972 నాటిది. దాని పూర్తి పేరులో కేటరింగ్ టెక్నాలజీ, అప్లైడ్ న్యూట్రిషన్ కూడా ఉన్నాయి. బోడుప్పల్ నుంచి అదేమంత దూరం? అయినా మా చిన్నప్పుడు ఖాందాన్‌లో ఎవరికీ దాని ఖబర్ లేదు. బట్టల వైపు నిఫ్ట్ 1986లో ఢిల్లీలో మొదలై 1995లో మన మాధాపూర్‌కు వచ్చింది. నిఫ్ట్‌కు సొంతంగా డిగ్రీలిచ్చే హక్కు దక్కింది 2006లో పార్లమెంటు చట్టం చేశాకే, అప్పటిదాకా డిప్లొమాలే. దూల్హా భాయ్‌ను మరీ తప్పుపట్టలేను. ఈ చదువుకు డిగ్రీ అన్న పేరొచ్చి ఇరవై ఏళ్లే కదా!

మా పిల్ల అడుగుతున్న కోర్సు కుట్టడం నేర్పేది కూడా కాదు. రెండేళ్ల మాస్టర్స్, ఏ డిగ్రీ చేసినవాళ్లయినా పరీక్ష రాయొచ్చు. గిరాకీ ఎందుకు కొంటాడు, ఏ సరుకు ఎన్ని తెప్పించాలి, మగ్గం నుంచి షోరూమ్ దాకా ధర ఎక్కడెక్కడ పెరుగుతుంది, అదీ దాంట్లో చదువు. మన కారీగర్‌కు ఎన్నడూ తెలియనివ్వని హిసాబ్ అదే.

మా ఇలాఖాలోనే ఇంకో మిసాల్ ఉంది. బోడుప్పల్ పక్కన చెంగిచెర్ల అనగానే అందరికీ కబేళానే గుర్తొస్తుంది. కేంద్రం 1999లో మొదలుపెట్టిన మాంస పరిశోధన సంస్థ ఉన్నది కూడా అక్కడే. గోష్త్ ఎలా కోయాలి, ఎంత చల్లదనంలో ఉంచాలి, ఎలా ప్యాక్ చేయాలి అన్నవాటి మీద అక్కడ సైంటిస్టులు పనిచేస్తారు, ట్రైనింగ్‌లు ఇస్తారు. పోలీసులు పంపిన ముక్క ఏ జానవర్‌దో డీఎన్ఏ చూసి చెప్పేదీ వాళ్లే. ఈ రోజుల్లో ఆ ఒక్క కాగితం మీద ఎవరి జిందగీ ఆధారపడి ఉంటుందో మీకు వేరే చెప్పాలా!

మన ఖురేషీ భాయీలు తరతరాలుగా చేస్తున్న పని అక్కడ సైన్స్. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో లైవ్‌స్టాక్ ప్రొడక్ట్స్ టెక్నాలజీ అని పీజీయే ఉంది. కానీ ఆ పీజీకి ముందు బీవీఎస్సీ కావాలి, దానికి ఇంటర్‌లో బైపీసీ కావాలి. పదో తరగతిలోనే దుకాణంలో కత్తి పట్టిన పిల్లాడికి ఆ దారి ఎవరు చెప్పారు? తార్నాకలో ఎన్ఐఎన్ దగ్గరా అంతే. ఉస్మానియా పుట్టిన 1918లోనే కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది, అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చెప్తుంది. మన పిల్లలు రోజూ దాని గేటు ముందు నుంచే బస్సులో పోతుంటారు.

డిగ్రీ లేకుండా పైకొచ్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు. లక్నో బావర్చీల ఇంట పుట్టిన ఇంతియాజ్ ఖురేషీ సాబ్ హోటళ్లలో దమ్ వంటకు షాన్ తెచ్చి 2016లో పద్మశ్రీ అందుకున్నాడు. మా నానా ఆ రోజు దాకా ఉంటే ఆ ఫొటో ఇంట్లో గోడకు పెట్టించుకునేవాడేమో. అయితే లక్షల్లో ఒక్కడికి దొరికిన నసీబ్ అది.

ఒక రాత్రి ఇవన్నీ దూల్హా భాయ్‌కు చెప్పాను. ఆయన ఫిక్ర్ వేరే తేలింది. ఫీజు లక్షల్లో ఉంది. అది కాక ఆడపిల్ల రోజూ మాధాపూర్ పోయి రావాలి. "ఒక్కతే అంత దూరం ఎట్ల పోతది?" రెండో సవాల్‌కు జవాబు సులువే. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు. 2019కి ముందు ఈ మాట అనగలిగేవాణ్ని కాదు. మొదటి దానికి నా దగ్గర జవాబు లేదు. బోడుప్పల్‌లో ఆయన మెహనత్‌తో కొన్న చిన్న ప్లాట్ ఒకటుంది, పిల్ల షాదీ కోసం పెట్టింది. దాని పేరు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇంటర్వ్యూకు ఏం చూపించాలని పిల్ల అడిగితే తేలియా రుమాల్ సంగతి చెప్పాను. నూనె పట్టించిన నూలుతో చీరాల వైపు నేసి అరబ్ దేశాలకు పంపిన రుమాల్ అది, అక్కడివాళ్లు తలకు చుట్టుకునేవాళ్లు. ఇప్పుడు నేస్తున్నది పుట్టపాకలో. 2020లో దానికి జీఐ వచ్చింది. మా ఇంటి ముందు వరంగల్ రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే పోచంపల్లి మలుపు. పిల్ల విని తలూపింది గానీ ఆమె మనసు మరో చోట ఉంది.

మర్నాడు నానీ సందూక్ తెరిపించింది. అడుగున మా నానీ నికాహ్ నాటి ఖడా దుపట్టా ఉంది, జరీ కాస్త నల్లబడింది. దాన్ని చాప మీద పరిచి టేపుతో కొలిచింది, ఒక్కో మడత ఎక్కడ పడాలో అమ్మీని అడిగి నోట్‌బుక్‌లో రాసుకుంది. దూల్హా భాయ్ గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు. కాసేపయ్యాక లోపలికొచ్చి, జారిపోతున్న టేపు రెండో కొస పట్టుకున్నాడు.