వడ్లవాని కుమారుడు, వడ్లవాడు: మొదటి శతాబ్దములో పని నేర్చుకొనుట

మత్తయి 13:55లో నజరేతువారు యేసును వడ్లవాని కుమారుడంటున్నారు. మార్కు 6:3లో ఆయననే వడ్లవాడంటున్నారు. ఈ రెండు మాటల మధ్య కొన్ని సంవత్సరముల శిక్షణ ఉన్నది. మన ప్రసంగములు దానిని దాటి నేరుగా యొర్దానుకు వెళ్లిపోతాయి. కుమారుడు పనివాడగుటకు ఆ కాలములో ఏమి జరిగేదో ఈ వ్యాసములో పరిశీలిద్దాము.

తెలుగు పాఠకునికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వడ్లవాడు అనగానే మన చెవికి కులము పేరు వినిపిస్తుంది. వడ్రంగి కొడుకు పుట్టుకతోనే వడ్రంగి అనే తలంపు వెంటనే వస్తుంది. మూలములోని ‘తెక్తోన్’ అను గ్రీకు పదము కులమును తెలుపదు. కర్రతోను, కొన్నిచోట్ల రాతితోను కట్టే నేర్పరి అని దాని భావము. సమరయ ప్రాంతములో పుట్టిన జస్టిన్, రెండవ శతాబ్దపు మధ్యభాగములో, యేసు నాగళ్లు, కాడిమ్రానులు చేసేవాడని వ్రాశాడు. గలిలయ వ్యవసాయ ప్రాంతము గనుక ఈ మాట నమ్మదగినదే. కాడి సరిగా అమరకపోతే ఎద్దు మెడ పుండవుతుందని మన పల్లె సంఘములకు వేరే చెప్పనక్కరలేదు. అలాంటి పని ఒక్క దినములో చేతికి రాదు.

అది ఎలా చేతికి వచ్చేదో తెలుపు ఒక పత్రము ఐగుప్తులోని ఆక్సిరింకస్‌లో దొరికింది. అది క్రీ.శ. 66 నాటిది, గ్రెన్‌ఫెల్, హంట్ అను పండితులు దానిని 1899లో ప్రచురించారు. పని వడ్రంగము కాదు, నేతపని; అయినను ఒప్పందపు తీరు మనకు ఉపయోగపడుతుంది. ట్రైఫోను అను తండ్రి ఇంకను ఈడు రాని తన కుమారుడు థోనిస్‌ను టాలమీ అను నేతగాని దగ్గర ఒక సంవత్సరము పనికి పెట్టాడు. బాలుని తిండికి గురువు నెలకు 5 ద్రాక్మాలు, చివరకు బట్టలకు 12 ద్రాక్మాలు ఇవ్వాలి. పిల్లవాడు మానిన దినములకు బదులు అన్ని దినములు పని చేయాలి, లేదా తండ్రి దినమునకొక ద్రాక్మా చెల్లించాలి. గడువుకు ముందే తండ్రి కుమారుని తీసుకొనిపోతే 100 ద్రాక్మాల జరిమానా, అంతే మొత్తము ప్రభుత్వ ఖజానాకు. గురువు సరిగా నేర్పకపోతే అదే శిక్ష అతనికి. గమనించవలసినది ఏమనగా, ట్రైఫోను తానే నేతగాడు! తండ్రికి వచ్చిన పనియే అయినను, కుమారుడు దానిని మరొకరి చేతిక్రింద, గడువు పెట్టుకొని, నేర్చుకొన్నాడు. వృత్తి రక్తములో వచ్చునని ఈ కుటుంబము తలంచలేదు.

యూదులలో ఈ బాధ్యత మరింత స్పష్టము. మూడవ శతాబ్దములో కూర్చబడిన తోసెఫ్తా, కుమారునికి ధర్మశాస్త్రము నేర్పుటతో పాటు చేతిపని నేర్పుటను కూడ తండ్రి విధులలో చేర్చింది. నేర్పనివాడు వానికి దోపిడి నేర్పినట్లే అని రబ్బీ యూదా భావము. అపొస్తలుల కార్యములు 18:3లో పౌలు డేరాలు కుట్టుట ఈ నేపథ్యములోనే అర్థమవుతుంది.

అయితే సంఘము ఈ పనివానిని చూసి కొంత సిగ్గుపడినట్లున్నది. రెండవ శతాబ్దములో సెల్సస్ అను అన్యుడు యేసు వడ్లపనిని ఎగతాళి చేశాడు. క్రీ.శ. 248 ప్రాంతములో ఒరిజెన్ జవాబిస్తూ, సంఘములలో చదువబడే ఏ సువార్తలోను యేసే వడ్లవాడని వ్రాయబడలేదన్నాడు. అంతటి పండితుడు మార్కు 6:3ను ఎలా మరచాడు? బహుశా అతని ప్రతిలో ఆ పాఠము వేరుగా ఉండవచ్చు. మూడవ శతాబ్దపు పి45 పాపిరస్‌లో, శిథిలమైనంతలోనే, మార్కు వాక్యము కూడ వడ్లవాని కుమారుడనే పాఠమువైపు మొగ్గుతున్నది. దీనికి కారణము మత్తయితో పొందిక కుదుర్చుట కావచ్చు. మా అభిప్రాయములో ఉలి పట్టిన చేతిని ఒక తరము వెనుకకు, యోసేపుకు, జరుపుటలోని సౌకర్యము కూడ పనిచేసి ఉంటుంది. దీనిని పాతకాలపు సంగతిగా వదిలివేయలేము: మన సంఘములలో వడ్రంగులు, తాపీ పనివారు ఎందరు పెద్దలుగా ఎన్నుకోబడుతున్నారు?

1960లలో సి.హెచ్. డాడ్ యోహాను 5:19–20ని ఈ వెలుగులో చదివాడు. తండ్రి చేయునది చూచి కుమారుడు అదే చేయుట, తండ్రి తన పనులన్నిటిని దాచకుండ అతనికి చూపుట అనే ఆ మాటల వెనుక మొదట ఒక చిన్న ఉపమానము ఉండెనని, అది తండ్రి పనిశాలలో నేర్చుకొనుచున్న బాలుని గూర్చినదని అతని వాదన.