తెరచిన బీరువాలు

గ్రంథాలయానికి వెళ్ళి, బీరువాల మధ్య తిరిగి, నచ్చిన పుస్తకాన్ని మన చేతితో మనమే తీసుకోవటం ఇప్పుడు వింతగా తోచదు. 1890 ప్రాంతాల ఇంగ్లండులో మాత్రం పాఠకుడు బల్లకు ఇవతలే నిలబడవలసి వచ్చేది. కేటలాగులో పుస్తకం సంఖ్య వెదుక్కుని, ‘ఇండికేటర్’ అనే పెద్ద చట్రంలో ఆ సంఖ్య వద్ద ఏ రంగు కనిపిస్తున్నదో చూడాలి. ఒక రంగయితే పుస్తకం వున్నట్లు, రెండవదయితే బయటికి పోయినట్లు. వున్నదని తేలితే ఉద్యోగి లోపలికి పోయి తెచ్చేవాడు. తెచ్చినది తనకు కావలసినది కాదని రెండు పుటలు తిప్పగానే తెలిస్తే, మళ్ళీ మొదటికి రావలసిందే.

లండనులోని క్లర్కెన్‌వెల్ గ్రంథాలయాధికారి జేమ్స్ డఫ్ బ్రౌన్ 1893లో షికాగోలో జరిగిన గ్రంథాలయ మహాసభకు వెళ్ళాడు. అమెరికాలో కొన్నిచోట్ల పాఠకులు స్వేచ్ఛగా బీరువాల వద్దకు పోవటం చూశాడు. తిరిగి వచ్చి 1894లో తన గ్రంథాలయంలో ఆ పద్ధతి పెట్టాడు. అయితే చూసినదాన్ని చూసినట్లు దించలేదు. లోనికి పోయే దారి ఒకటి, వెలుపలికి వచ్చే దారి మరొకటి. రెండింటికీ చిన్న గేట్లు. వాటిని వదిలేది బల్ల వద్దనున్న ఉద్యోగి. దొంగతనాలు జరుగుతాయని, పుస్తకాలు తారుమారవుతాయని తోటి గ్రంథాలయాధికారులు పత్రికలలో గట్టిగా వాదించారు. తారుమారు భయం వట్టిది కాదు. పైగా, వచ్చిన వరుసలో సంఖ్యలు వేసి పేర్చిన బీరువాల మధ్య పాఠకుణ్ణి వదిలితే లాభమేమిటి? అందుచేత పుస్తకాలను విషయాలవారీగా అమర్చక తప్పలేదు. తలుపు తెరవటంతో వర్గీకరణ అవసరం కూడా వచ్చిపడింది. 1906లో బ్రౌన్ తన స్వంత వర్గీకరణనే ప్రకటించాడు.

ఈ పద్ధతి క్రమంగా ఇతర పట్టణాలకు పాకింది. వాటిలో లండనుకు దక్షిణాననున్న క్రాయ్డన్ ఒకటి.

శియాళి రామామృత రంగనాథన్ గారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కలు చెప్పేవారు. 1924 జనవరిలో విశ్వవిద్యాలయం ఆయనను గ్రంథాలయాధికారిగా నియమించింది. కొద్ది రోజులకే ఆ ఒంటరి కొలువు విసుగు పుట్టి, తిరిగి పాఠాలకే పోతానన్నారు. ఇంగ్లండు వెళ్ళివచ్చిన తరువాత కూడా ఇదే మాటయితే అప్పుడు చూద్దామని పెద్దలు సర్దిచెప్పారు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయనకు వర్గీకరణ బోధించిన బెర్విక్ సేయర్స్ క్రాయ్డన్ గ్రంథాలయానికి ముఖ్యాధికారి. పుస్తకాల్లో దొరకని చదువు శిష్యునికి అక్కడ దొరికింది. పిల్లలు, కార్మికులు, గృహిణులు ఒకే కప్పు కింద తమతమ పుస్తకాలు తీసుకోవటం చూశారు. ఆనాటి ఇంగ్లీషు గ్రంథాలయాలలో పుస్తకానికొక చిన్న కార్డు, పాఠకునికొక సంచి వంటి టిక్కెట్టు వుండేవి. కార్డును టిక్కెట్టులో దూర్చి తేదీ వరుసన నిలిపితే పని ముగిసేది. పెద్ద ఖాతాలో వ్రాయటమనేది లేదు. ఆయన నూరుకు పైగా గ్రంథాలయాలు చూసినట్లు చెబుతారు. లండన్ దుకాణంలో మెకానో ఆటవస్తువును చూసి కోలన్ వర్గీకరణ ఊహ తట్టిందనే కథ అందరికీ తెలిసినదే. నాకు మాత్రం క్రాయ్డన్ నిత్యకృత్యమే అంతకంటె ముఖ్యంగా తోస్తుంది.

1925లో మద్రాసుకు వచ్చిన రంగనాథన్ గారు మళ్ళీ లెక్కల ఊసెత్తలేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బీరువాలు పాఠకులకు తెరిచారు. 1931లో అచ్చయిన ‘గ్రంథాలయ శాస్త్రపు ఐదు సూత్రాలు’లో, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలనే మూడవ సూత్రం కింద ఈ పద్ధతినే ముందుగా చెప్పారు. వెదకని పుస్తకం కంటబడటం తెరచిన బీరువా వద్దనే గదా! పాఠకుని కాలం ఆదా చేయమనే నాలుగవ సూత్రం ఆ పాత ఇండికేటర్ ముందు నిలబడినవారికి ఇంకా బాగా అర్థమయ్యేది.

ఆయన కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. అప్పటికి ఆ రాష్ట్రంలోనే వున్న ఆంధ్ర జిల్లాలకు కూడా అది వర్తించింది. తెలంగాణాకు 1955 నాటి హైదరాబాదు చట్టం వుండేది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం ఈ రెండింటి స్థానంలో వచ్చింది. ఆ తరువాత చాలా ఏళ్ళకు నేను చదివిన ఉన్నత పాఠశాలలో పుస్తకాల బీరువాకు తాళమే వుండేది. పుస్తకం పోతే తన జీతంలో కోత పడుతుందని మా మాస్టారి భయం. అద్దంలోంచి అట్టల మీది పేర్లు మాత్రం చదువుకునేవాళ్ళం.