బొమ్మ కూడా ఊరు చూస్తుంది

శామీర్‌పేట పెద్దచెరువు మత్తడి దూకిన ఏడు రాజీవ్ రహదారి పక్కన కార్లు ఆపి ఫొటోలు దిగేవాళ్లకు లెక్కుండదు. వాళ్లలో అరుదుగా ఒక వింత రకం కనిపిస్తారు. వీళ్లు తాము దిగరు. సంచిలోంచి జానెడైనా లేని బొమ్మను తీసి కట్ట రాయి మీద నిలబెడతారు. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటారు. అప్పుడు కెమెరా కన్ను నేలకు ఆనేంత కిందికి దిగి, ఆ చిటికెడు బొమ్మ చెరువును పరికిస్తున్న పెద్దమనిషిలా కనబడుతుంది. నమూనా ఇళ్లతోనే ద్వారకా నగరాన్ని చూపించిన ‘మాయాబజార్’ (1957) కెమెరామన్ మార్కస్ బార్ట్లే కిటుకుకు ఇది దూరపు చుట్టమే.

పనిలేని సరదా అనిపిస్తుంది గానీ, ఒకప్పుడు బొమ్మల ప్రయాణం వెనుక రాజకీయం కూడా ఉంది. 1924లో అమెరికా చట్టం జపాన్ వలసలకు తలుపు మూసింది. రెండు దేశాల మధ్య పెరిగిన చేదును పిల్లల ద్వారానైనా తగ్గిద్దామని సిడ్నీ గ్యూలిక్ అనే క్రైస్తవ మిషనరీ పూనుకున్నాడు. 1927 మార్చిలో జరిగే జపాన్ బొమ్మల పండుగ కోసం పన్నెండు వేలకు పైగా బొమ్మలు ఓడలెక్కాయి. ఒక్కొక్కదానికీ ఉత్తుత్తి పాస్‌పోర్టు, టికెట్ కూడా ఇచ్చారు! బదులుగా జపాన్ 58 పెద్ద బొమ్మలను పంపింది. ఆ రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చాక జపాన్‌లోని అమెరికా బొమ్మల్లో చాలావాటిని శత్రువులని తగలబెట్టారు. కొందరు గుట్టుగా దాచినవి మాత్రం కొన్ని వందలు మిగిలాయి.

అమెరికాలో మనవలున్న తాతయ్యలు కొందరికైనా ‘ఫ్లాట్ స్టాన్లీ’ పరిచయమై ఉండాలి. 1964లో జెఫ్ బ్రౌన్ రాసిన కథలో, బోర్డు మీదపడి అట్టముక్కలా చదునైపోయిన కుర్రాడు కవర్లో పడుకుని పోస్టులో ప్రయాణం చేస్తాడు. కెనడాలో డేల్ హ్యూబర్ట్ అనే బడిపంతులు 1995లో దాన్ని పాఠంగా మార్చాడు. పిల్లలు కాగితం స్టాన్లీని కత్తిరించి బంధువులకు పంపుతారు. వాళ్లు తమ ఊళ్లో తిప్పి, ఏం చూపించారో రాసి తిప్పి పంపాలి. 2001లో వచ్చిన ఫ్రెంచి సినిమా ‘అమేలీ’లో గడప దాటని తండ్రిని కదిలించడానికి కూతురు ఆయన తోటలోని మరుగుజ్జు బొమ్మనే లోకం మీదికి పంపుతుంది. ఇక 2011 ఆగస్టులో బయల్దేరిన జూనో అంతరిక్ష నౌక మూడు లెగో బొమ్మలను గురుగ్రహానికి మోసుకెళ్లింది. పాపం, అంత దూరం వెళ్లినా వాటికి ఫొటో తీసే నాథుడు లేడు.

మనకిది పూర్తిగా పరాయి ఆలోచనేనా? దేవుణ్ని ఆటబొమ్మతో పోల్చే సాహసం చేయను గానీ, కదలలేని మూలవిరాట్టు తరఫున ఉత్సవమూర్తి ఊరేగడం మనకు తరతరాలుగా తెలుసు. అహోబిలం పారువేటలో సంక్రాంతి వెళ్లగానే స్వామి పల్లకిలో బయల్దేరి, నెలకు పైగా ఊరూరా తిరిగి, తన పెళ్లికి రమ్మని జనాన్ని తానే పిలిచి వస్తాడు.

బొమ్మల సంగతికొస్తే, మన దగ్గర అవి యాత్ర నుంచి ఇంటికి వచ్చేవి. తిరుపతి వెళ్లినవాళ్లు ఎర్రచందనం జంటను తెచ్చేవారు. నిర్మల్ పట్టణానికి రైలు లేదు. అక్కడి బొమ్మ హైదరాబాద్ చేరాలంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు రెండు వందల కిలోమీటర్లు రావాలి, మేడ్చల్ దాటాలి. తేలికైన పొనికి చెక్కను చెక్కి, ముక్కలను చింతగింజల జిగురుతో అతికించి, రంగులద్దిన ఆ చిలకలూ పండ్లూ బొమ్మల కొలువులో చేరి, ‘మేం వెళ్లొచ్చాం’ అని సాక్ష్యం చెప్పేవి. ఇప్పుడు సాక్ష్యానికి ఫొటో చాలు. దాంతో బొమ్మ దారి తిరగబడింది, ఇంటి నుంచి ఊళ్ల మీదికి.

ఆ తిరగబడిన దారిలోనూ, నా లెక్కలో, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఒకరుండాలి. లేకపోతే అది లైకుల కోసం పెట్టిన మరో సెల్ఫీ. జపాన్‌లో ‘ఉనాగి ట్రావెల్’ అనే సంస్థ 2010 నుంచి డబ్బు తీసుకుని మరీ జనం బొమ్మలను యాత్రలకు తిప్పుతోంది. దాని ఖాతాదారుల్లో జబ్బుతో కదలలేనివాళ్లూ ఉన్నారు. తమ బొమ్మ గుడి మెట్ల మీద కూర్చున్న ఫొటో వాళ్లకు చేరుతుంది.

మేడ్చల్‌లోనైనా, శామీర్‌పేటలోనైనా, మోకాళ్ల నొప్పులతో కీసరగుట్ట ఎక్కలేని నాయనమ్మ ఉన్న ఇంటికి ఇంతకన్నా తేలికైన పని లేదు. ఆమె కొలువు పెట్టెలోంచి ఒక బొమ్మను గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. పొద్దుటి ఎండలో కట్ట మైసమ్మ దగ్గర ఒకటి, గుట్ట మీద ఒకటి తీసి వాట్సాప్‌లో పంపండి. తడి రాయి మీద మాత్రం పెట్టకండి, రంగు పోతే తిట్లు మీకే. ఏ బొమ్మను పంపాలో కూడా ఆమెనే అడగండి. కొలువులో కొట్టు పెట్టుకుని కూర్చున్న శెట్టిగారి బొమ్మను ఇవ్వకపోవచ్చు, ఆయన షికారుకొస్తే బేరాలెవరు చూస్తారు!