దళమునుండి శాసనసభకు

సైన్యమున పనిచేసి పిమ్మట శాసనసభకు వచ్చినవారు మన దేశమున పలువురు కలరు. వారు సర్కారు పక్షమున ఆయుధము పట్టినవారు. సర్కారుపైననే తుపాకి యెత్తి, తరువాత శాసనములు చేయు సభలో కూర్చున్న యొక దళనాయిక చరిత్రమును నేడు చెప్పబూనితిని. ఆమె శ్రీమతి మల్లు స్వరాజ్యముగారు.

నల్లగొండ జిల్లా కరివిరాల కొత్తగూడెమున 1931లో, భూస్వాముల యింట ఆమె జన్మించెను. ఆ కాలమున తెలంగాణమున వెట్టి యుండెడిది. కూలి లేక దొర పొలము దున్నవలెను, బరువులు మోయవలెను, వడ్లు దంచవలెను. మా కోస్గి వైపు పాలమూరు పల్లెలును ఈ బాధ నెరుగును. వడ్లు దంచువారే ఆకలికి సొమ్మసిల్లుట చూచి, ఆ బాలిక తన యింటి బియ్యమునే వారికి పంచెను.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగెను. మరుసటి సంవత్సరము సాయుధ పోరాటమునకు పిలుపు వచ్చెను. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి దళములను నడపినవారిలో ముఖ్యుడు. చెల్లెలును దళము చేరి నాయకత్వము వహించి, రాజక్క యను మారుపేర అడవిపల్లెలలో సంచరించెను. ఆమెను పట్టియిచ్చిన వారికి 10,000 రూపాయలు బహుమానమని ప్రకటించిరి. అప్పటికామెకు ఇరువదియేండ్లైనను నిండలేదు.

1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. అయినను పోరు 1951 అక్టోబరు వరకు సాగెను. నిజాము పోయిన పిదపను ఆయుధము వీడకుండుట యుక్తమా యని నేటికిని వాదము కలదు. పంచుకొన్న భూమి మరల దొరల చేతికి పోవునను భయము రైతులకు మిక్కిలిగా నుండెనని మాత్రము మరువరాదు.

1952లో వయోజనులందరి ఓటుతో ఎన్నికలు జరిగెను. నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డిని లోకసభకు పంపిరి. 1978లోను, 1983లోను తుంగతుర్తి ప్రజలు స్వరాజ్యముగారిని ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పంపిరి.

తిరుగుబాటుదారు రాజ్యమునకు తలవంచెనని కొందరందురు. నాకట్లు తోచదు. నిజాము నాడు వెట్టివానికి ఓటు లేదు. అతని మొర వినుటకు సభ లేదు. చట్టము పేదవాని గడప తొక్కనిచోట తుపాకి తొక్కును. తలుపు తెరువబడినప్పుడు ఆమె తుపాకిని వెలుపల నుంచి, మొరను మాత్రము లోనికి తెచ్చెను.

2022 మార్చి 19న ఆమె కన్నుమూసెను. దేహమును నల్లగొండ వైద్యకళాశాల కిచ్చిరి. దున్నువానికి భూమి యన్న ఆమె మాట మాత్రము ఇంకను పూర్తిగా తీరని బాకీయే.