రాజు తిన్న బోటి

తెలుగువాళ్ళ కారం గురించి గొప్పలు చెప్పుకునే వ్యాసాలు చాలానే చదివాను. గోంగూర మాంసం, నాటుకోడి పులుసు, ఉప్పుకండం వేపుడు... అన్నీ 'మన సంప్రదాయం'. ఈ సంప్రదాయం వయసెంత, అందులో పడిన చేతులెవరివి అని అడిగితే మాత్రం జవాబు అంత సులువుగా దొరకదు.

వయసు సంగతి త్వరగా తేలిపోతుంది. మిరప అమెరికా ఖండాల మొక్క. 1498లో పోర్చుగీసువాళ్ళు కాలికట్ చేరిన తర్వాత, పదహారో శతాబ్దంలో వాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చింది. శ్రీనాథుడికి మిరపకాయ తెలియదు, అన్నమయ్యకీ తెలియదు. వాళ్ళ ఘాటు మిరియం ఘాటే. కొత్త కాయకి తమిళులు మిళగు నుంచి మిళగాయ్ అనీ, కన్నడిగులు మెణసు నుంచి మెణసినకాయి అనీ పేర్లు పెట్టుకున్నారు. మన మిరపా మిరియానికి చుట్టమే.

అంతకుముందు మాంసం ఎట్లా వండేవారు? కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రచించిన సంస్కృత గ్రంథం 'మానసోల్లాసం' ఇందుకు మంచి ఆధారం. అప్పట్లో తెలంగాణలో చాలా భాగం ఆ రాజ్యంలోదే. రాజు అనుభవించాల్సిన భోగాల్లో భోజనం ఒకటి. అందులో మేక, జింక, అడవిపంది, చేపలు ఉన్నాయి. కాలేయం ఉంది. నెత్తురుతో చేసే వంట ఉంది. పేగుల్లో మసాలా కూరి నిప్పుల మీద కాల్చడం ఉంది. పొలాల్లో తిరిగే ఎలుకలూ ఉన్నాయి. ఇంగువ, మిరియాలు, సైంధవలవణం, పుల్లటి రసాలు... ఎంతో శ్రద్ధగా చెప్పారు. ఆ పేగులు కడిగిందెవరో మాత్రం లేదు.

నాకు ఆ పేగుల దగ్గరే చూపు ఆగిపోయింది. బోటి కడగడమంటే ఏమిటో మా అమ్మమ్మ దగ్గర చూసినదాన్ని. పేగుల్ని లోపలిది బయటికి తిప్పి, మురికి పోయేదాకా నీళ్ళు పోసి, వేడినీళ్ళలో ముంచి కత్తితో గీకాలి. సున్నం రాసి ఒకసారి, ఉప్పూ పసుపూ రాసి ఇంకోసారి కడగాలి. బావి దూరమైతే అన్ని బిందెలూ మోయాలి. సగం రోజు అక్కడే పోతుంది. ఆ తర్వాతే పొయ్యి. ఎండుమిరప, ధనియాలు, వెల్లుల్లి కలిపి నూరిన ముద్ద వేసి, దొరికితే చింతచిగురు వేసి ఉడికించేది. నెత్తురుని మా దగ్గర 'నల్ల' అంటారు. గడ్డకట్టాక ఉడకబెట్టి, చిదిమి, ఉల్లిగడ్డలూ కారమూ వేసి వేపేది. రాజు పుస్తకంలో భోగమైన ఈ వంట వాడలోకి వచ్చేసరికి 'నీచు' అయిపోయింది. నీచు అనే మాట మాంసం వాసనకీ వాడతాం, మనిషి స్థాయికీ వాడతాం. ఇది యాదృచ్ఛికమా?

మెత్తటి కండ కొనగలిగిన ఇళ్ళకి పోయేది. తల, కాళ్ళు, బోటి, నల్ల మిగిలేవి. పెద్ద మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పు రాసి దండెం మీద ఎండేస్తే తునకలు. కూలి దొరకని వానాకాలపు రోజులకి ఆడవాళ్ళు దాచుకున్న తిండి అది. ఎండబెట్టిన మేకమాంసం ఉప్పుకండం అయి హోటల్ మెనూ ఎక్కింది, తునకలు ఎక్కలేదు. ఈ వంటలకి మిరప చేసిన మేలు పెద్దది. మిరియం మలబారు నుంచి రావాలి, డబ్బు పెట్టి కొనాలి. మిరప మొక్క పెంటకుప్ప పక్కన కూడా కాస్తుంది. ఎండబెడితే ఏడాదంతా ఉంటుంది. రాజుల ఘాటుని కూలింటి రోట్లోకి దించింది మిరపే అని నా అభిప్రాయం.

స్త్రీవాదులుగా మనం వంటింటి మీద చాలా మాట్లాడాం. విమల 'వంటిల్లు' మనలో ఎందరికో ఒక భాషనిచ్చింది. కానీ ఆ చర్చలో వంటింట్లో మగ్గుతున్నదెవరు అన్నదే ముందుకొచ్చింది. కుండలో ఏముంది, అసలు వంటిల్లనే గది ఉందా, లేక వాకిట్లో మూడు రాళ్ళేనా అని మనం అంతగా అడగలేదు. గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' 2003లో వచ్చింది. దళిత స్త్రీల రాతల్ని అట్లా ఒకచోట చదివాకైనా ఆ ప్రశ్నలు తప్పించుకోలేం. 2009లో పుణె విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె విద్యార్థులూ కలిసి దళితుల ఆహార జ్ఞాపకాలనే చరిత్రగా పుస్తకం తెచ్చారు. తెలుగులో ఆ పని చేయడానికి బోటి కడిగిన చేతులు మన మధ్య ఇంకా ఉన్నాయి. ముసలివైపోతున్నాయి.

మిరప కోసే చేతుల సంగతీ ఇందులోనే రావాలి. గుంటూరు యార్డు ఎంత పెద్దదో అందరూ చెబుతారు. కోతలకి, తొడిమలు తీయడానికి కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఆ మంట నీళ్ళతో కడిగితే పోదు, చంటిబిడ్డని ముట్టుకోవాలంటే భయం. కర్నూలు వైపు నుంచి గుంటూరుకీ, ఛత్తీస్‌గఢ్ నుంచి ములుగు, ఖమ్మం తోటలకీ కుటుంబాలు కోతలకి వలస వస్తాయి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ములుగు జిల్లా మిరప తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయల్దేరిన ఒక ఆదివాసీ పిల్ల మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉండగానే చనిపోయింది. పన్నెండేళ్ళు. మిరప కోతకి ఊరు దాటి వచ్చిన పిల్ల.